జానెడు దూరం

ఆ అమ్మాయి కాగితాన్ని కౌంటరు మీద బోర్లా పెట్టి, ఏమీ అనకుండా నిలబడింది.

తెలంగాణ సరిహద్దుకి అవతల, బీజాపూర్‌లో కలెక్టరాఫీసు దారిలో నాకొక చిన్న జిరాక్స్ షాపు ఉంది. రోజూ ఎంతోమంది కాగితాలు తెస్తారు. కాగితం చేతిలోంచి దిగకముందే "దో కాపీ", "ముందూ వెనకా తియ్యి", "జల్దీ భయ్యా" అని మొదలుపెడతారు. బోర్లా పెట్టి, నేను తిప్పి చూసేదాకా నోరు విప్పకుండా నిలబడే మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. అందుకే ఆ కాగితం తిప్పకముందే ఆ మనిషి గుర్తొచ్చింది.

తిప్పాను. మృత్యు ప్రమాణపత్రం. హిందీలో టైపు చేసిన ఆ పేరు, మా వెనక గదిలో మూడేళ్లు కిరాయికి ఉన్న ఆమెది. తలెత్తి చూస్తే ఎదురుగా ఉన్నది ఆమె కూతురు. కాస్త చిక్కింది గానీ తల్లి ముఖమే.

"ఎప్పుడమ్మా?" అన్నాను.

"మొన్న వానల్ల అన్నా. దమ్ము ఎక్కువైంది. దవాఖానకి తెద్దామంటే వాగు తగ్గలే." చెప్పి, "నాలుగు కాపీలు తియ్యి" అంది.

నాలుగు అడిగితే ఐదు వచ్చాయి. చూసుకోకుండా మీట ఇంకోసారి నొక్కినట్టున్నాను.

కాపీలు సంచిలో సర్దుకుంటూ ఆ అమ్మాయి అడిగింది. "అన్నా, అమ్మ ఫొటో ఏమన్నా ఉన్నదా నీ దగ్గర? ఆధార్‌ల ఉన్నది గని దయ్యం లెక్క ఉన్నది. నా ఫోన్‌ల ఉండె, ఆ ఫోను వాగుల పడ్డది. నాయనది ఎట్లనో పోయె. అమ్మదన్నా ఇంట్ల పెట్టుకుందామని."

వాళ్ల నాయన ఫొటో ఎట్లా పోయిందో నాకు తెలుసు. ఆమె కూతురికి చెప్పలేదన్నమాట అనుకుని తల దించుకున్నాను.

"ఉంది. ఒక్కటి ఉంది" అన్నాను. అనేశాక బీరువా గుర్తొచ్చింది.

ఇక్కడ ఎవరైనా గది కిరాయికిస్తే కిరాయిదారు వివరాలు ఫొటోతో సహా ఠాణాలో ఇవ్వాలి. ఆ ఫారం కాపీ, దానితోపాటు మిగిలిన ఒక ఫొటో, ఫైల్లో పెట్టి బీరువా అడుగు అరలో దాచాను. ఆ బీరువా ఉన్నది ఆమె గదికీ మా గదికీ మధ్యనున్న, ఒకప్పుడు తడి పట్టిన గోడకే. గోడకి జానెడు దూరం పెట్టమని ఆమె చెప్పింది. ఆమె గది ఖాళీ చేసి వెళ్లిన నెలలోనే, తలుపుకి అడ్డం వస్తోందని, నేను దాన్ని గోడకి ఆనించేశాను. అప్పటి నుంచి ఆ అడుగు అర తెరవలేదు. ఈ ఏడాది వానలు ఎట్లా పడ్డాయో అందరికీ తెలుసు. ఇప్పుడు ఆ ఫైల్లో ముఖం ఉందో, ముఖం ఉండాల్సిన చోట బూజు ఉందో!

"రెండింటికి జీపున్నది అన్నా. అంతల తెస్తవా?"

తెస్తానని షట్టరు సగం దించి ఇంటి దారి పట్టాను. పావుగంట నడక. ఆ పావుగంటా ఆమె నా పక్కనే నడిచినట్టుంది.

నేను పుట్టు పిరికిని. దాచుకోవాల్సిన సంగతేం కాదు, మా వీధి అంతా ఎరుగును. ఠాణా అన్నా, కరెంటు పోయి వచ్చేటప్పుడు మిషను చేసే చప్పుడన్నా భయమే. కానీ ఆమె నా షాపు మెట్టెక్కుతుంటే కలిగిన భయం వేరు. ఆమె గొడవ పడే మనిషైతే నాకింత బెంగ ఉండేది కాదు.

ఆమెది భోపాలపట్నం దాటాక తెలంగాణ సరిహద్దు దగ్గర ఒక ఊరు. ఇక్కడ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో వంట చేసేది. గది చూడ్డానికి వచ్చిన రోజు, గదిలోకి అడుగుపెట్టి, కిటికీ చూడలేదు, బాత్రూం అడగలేదు. నడివేలు మడిచి గోడని రెండుచోట్ల తట్టింది. సంతలో గుమ్మడికాయ తట్టినట్టు.

"లోపల మట్టేనా తమ్మీ?"

"పక్కా ఇల్లు అక్కా" అన్నాను.

"పైన పక్కా. లోపల ఏందని అడుగుతున్న."

మా నాయన మూరెడు మందాన మట్టి గోడలు పెట్టాడు. ఉద్యోగస్తులు గదికి వస్తే మొదట అడిగేది పక్కానా కాదా అని. అందుకని నేను ఆ మట్టి మీద రెండు వైపులా సిమెంటు పూత వేయించాను, పెరడంతా సిమెంటు చేయించాను. చూసినవాళ్లంతా బాగుందన్నారు. లోపల ఏముందని అడిగిన మనిషి ఆమె ఒక్కతే. నేను తాళంచెవి చేతిలో పెట్టాను.

"ఇంకో మాట. మా ఊరి నుంచి కాన్పులకి వచ్చేటోళ్లు ఉంటరు. పెద్ద దవాఖాన ఇక్కడున్నది గద. నొప్పులొచ్చేదాక నా గదిల పండుకుంటరు. వద్దంటే ఇప్పుడే చెప్పు" అంది. సరేనన్నాను.

ఆ వారమే ఫొటో తీయించుకోమన్నాను.

"ఎందుకు?"

"ఠాణాల ఇయ్యాలె అక్కా."

"నేనేం చేసిన?"

"నా ఇంట్ల దిగినవు గద, అందుకు."

పగలబడి నవ్వింది. స్టూడియోవాడు నవ్వొద్దంటే అతి కష్టం మీద ఆపుకుని, గడ్డం పైకెత్తి కూర్చుంది. ఆకుపచ్చ చీర, నుదుట రూపాయంత బొట్టు. నవ్వు ఆపుకుంటున్న సంగతి ఆ ఫొటోలో కళ్ల దగ్గర తెలుస్తుంది. అదే ఆ ఫొటో.

దేన్నైనా తట్టి చూడనిదే ఆమెకి నమ్మకం కుదరదు. కుండని తట్టేది, బియ్యం డబ్బాని తట్టేది. ఒకసారి నా జిరాక్స్ మిషన్ని కూడా తట్టి "లోపల ఏదో వదులైంది" అంది. వారానికి దాని రోలరు పోయింది. ఆశ్రమంలో ఏ పిల్లకైనా దగ్గొస్తే ఆ పిల్లని అటు తిప్పి, వీపుకి చెవి ఆనించి కళ్లు మూసుకునేదట. "గురగుర ఉన్నది, సూదేయించు" అని పెద్ద మేడమ్‌కే చెప్పేదట. ఆ మేడమ్ మా షాపుకొచ్చినప్పుడు చెప్పింది, ఒక్కసారీ తప్పలేదని.

మొదటి వానాకాలం సగంలో ఆమె మా షాపుకొచ్చింది. కౌంటరు మీద ఒక చెప్పు బోర్లా పెట్టింది. ఏమీ అనలేదు. తిప్పి చూస్తే లోపలంతా ఆకుపచ్చ బూజు.

"ఏమైందక్కా?"

"నీ గోడ పక్కన పెట్టిన. నాలుగు దినాలు" అని చెప్పు తీసుకుని వెళ్లిపోయింది.

అదీ ఆమె ఫిర్యాదు చేసే పద్ధతి. అద్దె గదిలో బూజొస్తే మామూలు మనుషులు వచ్చి అరుస్తారు, నేనూ ఏదో ఒకటి అంటాను, సాయంత్రానికి చల్లబడతాం. ఆమె అరిచేది కాదు. పాడైన వస్తువు తెచ్చి నా ముందు పెట్టేది. నాలుగోరోజు ఎండు ఇప్పపువ్వు గంప తెచ్చింది, తెల్లగా నూగు పట్టి. తర్వాత ఒక దుప్పటి. పక్కన జనం ఉన్నా సరే, పెట్టి నిలబడేది. వాళ్లంతా ఆ దుప్పటిని, నన్నూ మార్చి మార్చి చూసేవాళ్లు.

మంచిగా ఉన్నప్పుడు నన్ను "తమ్మీ" అనేది. ఎప్పుడో ఒకసారి, ఇంటి ఓనర్ని పిలిచినట్టు "మాలిక్" అనేది. మాలిక్ అన్న రోజు నాకు అన్నం సయించేది కాదు.

నేను ఊరికే కూర్చోలేదు, ఆ మాట కూడా చెప్పాలి. గోడకెక్కే ఆ తడిని ఇక్కడ అందరూ సీలన్ అంటారు, ఆమె నెమ్ము అనేది. ఏ పేరుతో పిలిచినా దానికి మందు పూతే అనుకున్నాను. మొదట సున్నం కొట్టించాను. వాన తగ్గకముందే నల్ల మచ్చలు మళ్లీ తేలాయి. మరుసటి ఏడు గీకించి, నీళ్లు పీల్చని రంగని దుకాణంవాడు ఒట్టేసి ఇచ్చిన రంగు వేయించాను. అది బుడగలు బుడగలుగా లేచింది. ప్రతిసారీ ఆమె నెమ్ము ఎంత ఎత్తుకి వచ్చిందో అంతవరకు బొగ్గుతో ఒక గీత గీసేది. పిల్లల ఎత్తు కొలిచి గోడ మీద గీస్తారు చూడండి, అట్లా. "ఏందే, ఇంత దాక వచ్చినవా?" అని గోడతోనే మాట్లాడేది. ఆ గీతలు మోకాలి నుంచి నడుము దాకా వచ్చాయి.

ఒకరోజు నన్ను పెరట్లోకి పిలిచి చెంబుడు నీళ్లు సిమెంటు మీద పోసింది. "చూడు" అంది. నీళ్లు వెనక ఉన్న కాలువ వైపు పోలేదు. మెల్లగా, వంపు తిరిగి, నా గోడ మొదట్లోకి వెళ్లి ఆగాయి. మేస్త్రీ వాలు తప్పు పెట్టాడు, నేను చూసుకోలేదు.

"ఈ సిమెంటు పగలగొట్టు. గోడ మీది పూత గూడ తియ్యి. మట్టి గోడకి సిమెంటు పెడితే తాగిన నీళ్లు ఎటు పోతయి? మీద తడిసిన చొక్కా విప్పకుండ ఒళ్లెట్ల ఆరుతది?"

"చేయిస్తా అక్కా" అన్నాను. చేయించలేదు. పూత తీస్తే అది మళ్లీ మట్టి ఇల్లు, కచ్చా ఇల్లయిపోతుంది. ఆ పేరొస్తే కిరాయికి ఎవరూ రారని భయం.

ఆ వానల్లోనే ఆమె ఒక ఫొటో తెచ్చి నా కౌంటరు మీద బోర్లా పెట్టింది. చెక్క ఫ్రేములోంచి తీసినట్టుంది, అంచులు చిరిగి ఉన్నాయి. తిప్పాను. మెడ కింద తెల్ల చొక్కా, జేబులో పెన్ను, మోకాళ్ల మీద రెండు చేతులు కనబడుతున్నాయి. మెడ పైన ముఖం లేదు. గోధుమ రంగు మచ్చ ఒకటి అంచుల్లో నల్లగా విచ్చుకుని, ఒక చెవీ కాస్త జుట్టూ మాత్రం వదిలింది.

"మా ఆయన" అంది. "గదొక్కటే ఉండె."

ఫొటోని లైటు కిందికి జరిపాను.

"మిగిలిందన్నా జిరాక్స్ తియ్యి తమ్మీ. ఇంకో నాలుగు దినాలైతే గిది గూడ పోతది."

ఆ రోజు "మాలిక్" అని ఉంటే బాగుండేది. మిషన్లో పెట్టి తీశాను. ముఖం ఉండాల్సిన చోట నల్లటి ముద్ద వచ్చింది. ఆమె కాగితాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. "ఇంకోసారి తీస్తే వస్తదా?" అని అడిగింది. రాదని తెలిసీ ఇంకోసారి తీశాను. వెలుతురు పెంచి తీశాను, తగ్గించి తీశాను. నాలుగు కాగితాలూ మడిచి కొంగున కట్టుకుని వెళ్లింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ మిషను మూత ఎత్తినప్పుడల్లా నాకు లోపల ఆ చెవి కనబడేది.

ఇంత జరిగాక నేనేం చేశానో చెప్పడానికి సిగ్గేస్తుంది. టైల్స్ వేయించాను. నడుం ఎత్తున, పాలరంగు టైల్స్. బొగ్గు గీతలన్నీ వాటి కింద దాగాయి. ఆమె ఆశ్రమం నుంచి వచ్చి, చాలాసేపు ఆ టైల్స్ చూసి, ఒక మాట అంది. "మంచిగున్నయి మాలిక్."

మూడో వానాకాలం ఆమె కూతురు కాన్పుకి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. తొమ్మిది రోజులైంది. బయట ఐదు రోజులుగా వాన తెరిపివ్వలేదు. పొద్దున్నే నేను షాపుకి బయల్దేరుతుంటే ఆమె మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఏ వస్తువూ లేదు. ఆమె వట్టి చేతులతో రావడం అదే మొదటిసారి.

"మాలిక్, మంచం జరుపు."

మా ఆవిడ జ్వరంతో ఆ గోడ పక్క మంచం మీదే పడుకుని ఉంది. ఇవతల మా మంచం, అవతల బాలింత మంచం, మధ్యలో ఆ ఒక్క గోడ.

"ఏమైంది?"

ఆమె వచ్చి మా వైపు గోడని తట్టింది. చప్పుడు రాలేదు. నానిన పిండిని తట్టినట్టు మెత్తగా, అసలు వినబడీ వినబడకుండా ఉంది. నా చేయి పట్టుకుని తన గదిలోకి లాక్కెళ్లింది. అప్పటికే గడ్డపార మొనతో మూల టైల్ లేపినట్టుంది. ఆ టైల్‌తో పాటు నాలుగు ఒకే పలకగా ఊడొచ్చాయి. వెనక నుంచి నల్లటి నీళ్లు కారుతున్నాయి. ఆమె నా చెయ్యి ఆ నీళ్లు కారే చోట పెట్టి నొక్కింది. నా చెయ్యి మణికట్టు దాకా గోడలోకి దిగిపోయింది.

ఇన్నేళ్లయినా ఆ చల్లదనం నా వేళ్లకి గుర్తుంది. మా నాయన కట్టిన గోడ. దాని మీద పైకప్పు ఉంది. దాని పక్కన నా భార్య ఉంది, తొమ్మిది రోజుల పిల్ల ఉంది. నేను దాని మీద టైల్స్ అతికించాను.

"ఇది గోడేనా?" అని ఆమె అడిగింది. కోపంగా కాదు. ఆమె గొంతులో కూడా భయం ఉంది. నేను విన్నది ఆ ఒక్కసారే.

తర్వాత అంతా చకచకా జరిగింది. పసిపిల్లని పొత్తిగుడ్డలతో సహా నా చేతుల్లో పెట్టి "వసారాల కూసో" అంది. కూతురిని నడిపించింది. మా ఆవిడని లేపి తెచ్చింది. మా ముందు వసారా కట్టడం వేరు, ఆ గోడతో సంబంధం లేదు. అందరం అక్కడ చేరాక ఆమె మళ్లీ వెనక్కి వెళ్లింది. వానలో పెరటి సిమెంటు మీద గడ్డపార దెబ్బలు వినబడ్డాయి. గోడ మొదట్లో నిలిచిన నీళ్లకి కాలువ దాకా దారి తీస్తోంది.

"అక్కా, రా ఇవతలికి! పడతది!" అని అరిచాను. అరిచానే గానీ కదల్లేదు. చేతుల్లో పిల్ల ఉందని నాకు నేను చెప్పుకున్నాను. మా ఆవిడ జ్వరంతో వణుకుతూనే చేతులు చాపి "పిల్లనిటియ్యి, పో" అన్నాక గానీ నేను లేవలేదు.

"బల్లీలు తే మాలిక్!" అని అటు నుంచి కేక. స్లాబు పని కోసం దాచిన బల్లీలు, సాల చెట్టు గుంజలు, పెరట్లో ఉన్నాయి. ఇద్దరం మోసి పైకప్పు వాసాల కింద నాలుగు నిలబెట్టాం. ఐదోది లేపుతుండగా ఏదో చీరినట్టు చప్పుడైంది. ఆమె నన్ను ఒక్క తోపు తోసింది. మిగిలిన టైల్స్, సిమెంటు పూత, వాటి వెంట గంపెడంత తడిమట్టి ఒక్కసారిగా జారి బాలింత మంచం మీద పడ్డాయి. గుంజలు ఆపాయి కాబట్టి పైకప్పు నిలిచింది. తలగడ కనబడలేదు. అరగంట కింద ఆ తలగడ మీద తల్లీ పిల్లా ఉన్నారు.

నేను అక్కడే గచ్చు మీద కూలబడి ఏడ్చాను. ఆమె నా పక్కన నిలబడి, ఒగరుస్తూ, "లే తమ్మీ" అంది.

వానలు తగ్గాక ఆ గోడ పూతంతా రెండు వైపులా తీశాం. బొగ్గుల కుంపటి పెట్టి ఇరవై రోజులు ఆరబెట్టాం. మట్టిలో గడ్డి తుంపులు కలిపి, కాళ్లతో తొక్కి, చేతులతో మెత్తడం ఆమె చూపించింది. పెరడు వాలు మార్చాం. ఆ గోడ ఇప్పటికీ నిలబడి ఉంది. కానీ పని ఎట్లా పంచుకున్నామో కూడా చెప్పాలి. బయట ఎండలో మట్టి తొక్కింది నేను. లోపల మూడేళ్ల బూజుని రోజుల తరబడి గీకింది ఆమె. నల్లటి దుమ్ము గదినిండా లేచేది. ఆ గోడ దగ్గరికి వెళ్లాలంటే నాకు ఇంకా భయం. ముక్కుకి కొంగు కట్టుకోమంటే "ఊపిరాడది" అనేది.

ఆ చలికాలంలోనే ఆమెకి దగ్గు మొదలైంది. పొడి దగ్గు. గోడ అవతల నుంచి నాకు వినబడేది. కట్టెల పొయ్యి మీద వందమందికి వండే మనిషి, పొగకి దగ్గు రాకుండా ఉంటుందా అని మా ఆవిడతో అన్నాను. అందరి పిల్లల వీపులకీ చెవి పెట్టి విన్న ఆ మనిషి వీపుకి చెవి పెట్టినవాళ్లు ఎవరూ లేరు. నేనైనా దవాఖానకి తీసుకెళ్లి ఉండాల్సింది. వాళ్లేం చెప్తారోనన్న భయంతో తీసుకెళ్లలేదు.

మరుసటి ఎండాకాలంలో వాళ్ల ఊరి దగ్గర ఆశ్రమంలో పని దొరికి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ మా గదిలోకొచ్చి, మంచం తీసేసిన చోట నేను పెట్టుకున్న బీరువా చూసి, గోడకీ దానికీ మధ్య తన చెయ్యి చాపి కొలిచింది. "జానెడు ఉంచు తమ్మీ. గాలాడాలె" అంది. అదే ఆమె నాతో అన్న చివరి మాట.

ఇల్లు చేరేసరికి నా చొక్కా చెమటకి తడిసిపోయింది. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "ఏంది, ఈ ఏళప్పుడొచ్చినవ్?" అంది. సంగతి చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మానికి చేరబడింది. ఫొటో గురించి చెప్పి, "బీరువా ఆనించేశాను గదా. ఏమై ఉంటదో" అన్నాను.

"పోయి చూడు" అంది.

చూశాను. బీరువా వెనక జానెడు ఖాళీ ఉంది. వంగి చూస్తే గోడ పొడిగా, ఎర్రగా కనబడింది.

"ప్రతి వానాకాలం ముందల నేనే జరుపుతున్న" అంది మా ఆవిడ. "నీకు చెప్తే మళ్ల ఆనిస్తవని చెప్పలే."

అయినా అడుగు అర తెరవడానికి చెయ్యి రాలేదు. చివరికి తాళం తీశాను. ఫైలు తీసి, ఫారం కింద ఉన్న చిన్న కవరుని ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకునే బయటికి లాగాను. కళ్లు తెరిస్తే ఆమె ఉంది. ఆకుపచ్చ చీర, పైకెత్తిన గడ్డం, ఆపుకుంటున్న నవ్వు. ఒక్క మచ్చ లేదు.

జీపు దగ్గరికి రెండింటికి ముందే చేరాను. ఆ తొమ్మిది రోజుల పిల్ల ఇప్పుడు జడలేసుకుని కిటికీ పక్కన కూర్చుని పల్లీలు తింటోంది. వాళ్లమ్మ దిగొచ్చి ఫొటో అందుకుంది. దుమ్ము లేకపోయినా కొంగుతో తుడిచింది. చాలాసేపు చూసింది.

"దగ్గు రాకముందుది గద అన్నా ఇది" అంది. "అమ్మ ముఖం గిట్ల ఉండెనని మర్సిపోయిన."

పొయ్యి పొగ వల్లనే కదా ఆ దగ్గు అని అడగాలని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఆ అమ్మాయి 'అవునన్నా, పొగ వల్లనే' అంటే చాలు, నేను బతికిపోయేవాణ్ని. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"మీ నాయన ఫొటో ఎట్లనో పోలేదమ్మా. నా గోడ నెమ్ముకి పోయింది."

"తెలుసన్నా" అంది నెమ్మదిగా. "అమ్మ చెప్పింది. నువ్వు బాధపడ్తవని నేననలే. ఫొటో నీ దగ్గర ఉంటదని గూడ అమ్మనే చెప్పింది. ఆయనకి భయమెక్కువ, ఠాణా కాగితం పారెయ్యడు అనేది."

నా భయాన్ని కూడా ఆమె తట్టి చూసిందన్నమాట. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ అమ్మాయి ఫొటోని కవర్లో పెట్టుకుంటూ, పటం కట్టించి గోడకి పెడితే పాడుకాదు కదా అని అడిగింది.

"గోడకి ఆనించకమ్మా. వెనక చిన్న చెక్క పెట్టి, కొంచెం ఇవతలికి కట్టు. గాలాడాలె" అన్నాను.

సరేనని జీపెక్కింది. డ్రైవరు టీ తాగడానికి పోయాడు, ఇంకా మనుషులు నిండాలట. జీపు కదలడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా నేను కిటికీ పక్కనే నిలబడి ఉన్నాను. పిల్ల ఏం చదువుతోందని అడిగాను, వాగు మీద వంతెన ఎంతవరకు వచ్చిందని అడిగాను. ఆ దగ్గు సంగతి అడగలేదు.